ఇంటి కప్పు కోసం తెచ్చిన గడ్డి మిషను

ఇంటి కప్పు ఇంటి మీదికి ఎక్కకముందే దాన్ని పిండి పిండి చేసుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పిడుగు పడలేదు, గాలివాన రాలేదు, నిప్పు అంటుకోలేదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, నేనే ఏరి కోరి ఎంచుకున్న మిషనుతో, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి మరీ చేయించాను. తెలివి తక్కువై చేశానంటే నమ్మకండి. తెలివి ఎక్కువై చేశాను.

ఎనభైల నాటి మాట. మా ఆయన పోయిన రెండో ఏడు. మాది సిరొంచ తాలూకా రేగుంట. మట్టిగోడల ఇల్లు, పైన గడ్డి కప్పు. రెండేళ్ళకోసారి పాత గడ్డి దింపి కొత్తది కప్పాలి. ఊరి బయట, చిన్న వాగులాంటి ఒర్రె పక్కన, మాకొక రాళ్ళ చెలక ఉంది. అందులో ఏం వేసినా పండదు గానీ, మనిషి ఎత్తు గడ్డి మాత్రం ఎవరూ అడగకుండానే మొలుస్తుంది. ఆ గడ్డే మా కప్పు. హోళీ అయ్యాక ఆడవాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని వచ్చి కోసి, మోపులు కట్టి ఇచ్చేవారు. ఎవరి కప్పు పనికైనా అందరూ వెళ్ళడం మా దగ్గర మామూలే. ఆ ఇంటివాళ్ళు కడుపునిండా అన్నం పెడితే చాలు.

ఆ ఏడు మా ఆయన అక్క రాజవ్వ వదిన పొద్దున్నే వచ్చి గడప మీద కూర్చుంది.

"లచ్చవ్వా, నీ కప్పు మురిగిపోయిందే. ఎల్లుండి ఆడోళ్ళను తోల్కొస్త. మా తమ్ముడు లేకుంటేంది, మేం లేమా? నువ్వు ఊకె కూసో."

ఆ 'ఊకె కూసో' నన్ను కందిరీగలా కుట్టింది. రెండేళ్ళుగా అందరూ నన్ను ఊరకే కూర్చోబెట్టేవాళ్ళే. కూర్చుని కూర్చుని మూలకు పెట్టిన పగిలిన కుండలా అయిపోయాను.

"వద్దు వదినె! నా ఇంటి కప్పు నేనే కప్పుకుంట. మా మల్లేశు ట్రాక్టర్ ఉన్నది. మిషన్ పెట్టి కోయిస్త. మీకెందుకు చేతుల నొప్పులు?"

"మిషనా! వానలు పడేటాలకు కప్పు ఎక్కకపోతె ఏం జేస్తవే?"

"ఎక్కకపోతె వానకాలమంత నీ అరుగు మీదనే పండుకుంట. సరేనా?"

అన్నాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. రాజవ్వ వదిన అరుగు మీద నాలుగు నెలలు! ఆవిడ నిద్రలో కూడా సలహాలు ఇచ్చే మనిషి. ఇక గెలవక తప్పదు.

మల్లేశు నా తమ్ముడు. పొద్దున్నే నేను పడమర అంటే సూర్యుడిని కూడా అటు తిప్పడానికి చూసే రకం. ఇద్దరం ట్రాక్టరెక్కి అల్లపల్లి వెళ్ళాం. అక్కడొక సేటు ట్రాక్టరు సామాన్లు కిరాయికి ఇచ్చేవాడు. చంద్రపూర్ వైపు మనిషి, మూడు భాషలు కలిపి అన్నంలా పిసికి మాట్లాడేవాడు. ఆడవాళ్ళందరూ ఆయనకు 'బాయీ'లే.

ఆయన షెడ్డులో గడ్డి కోసేవి రెండున్నాయి. ఒకటి సన్నటి పొడుగాటి బద్ద, దాని నిండా పళ్ళు. రెండోది పెద్ద ఇనుప మూత, ఆ మూత కింద ఇనుప రెక్కలు. నేను సంతలో ఎద్దును చూసినట్టు రెండింటి చుట్టూ తిరిగాను. ఒకదాన్ని కాలితో తన్నాను కూడా. ఎద్దయితే తిరిగి తన్నేది. ఇది నా వేలే వాచేట్టు చేసింది.

"బాయీ, జమీన్ ఎట్లుంటది?" అన్నాడు సేటు.

"ఎట్లుంటది సేటూ, అంత ఎగుడు దిగుడు. రాళ్ళు, మొద్దులు, పుట్టలు."

"ముండ్ల చెట్లు?"

"ఉన్నయి. నాకంటె మొండియి."

"ట్రాక్టర్ తాకత్ ఎంత?"

మల్లేశు సిగ్గుపడుతూ, "ముప్పై అయిదు గుర్రాలంటరు సేటూ. అండ్ల నాలుగైదు పండుకున్నయి," అన్నాడు.

"అట్లయితె ఆరడుగుల మిషన్ వద్దు, ఈ రెక్కలది అయిదడుగులే ఉన్నది, ఇది సరిపోతది. చక్రాల ఎడల్పు దాటితె చాలు. రాయి తగిలితె రెక్క ముడుచుకొని ఎనక్కి పోతది, ఇరగది."

రాయి తగిలితే ముడుచుకుంటుందట! మా ఆయనకు రాయి తగిలితే దాంతో పొద్దుగూకేదాకా తగవు పెట్టుకునేవాడు. మిషను నాకు అప్పుడే సగం నచ్చేసింది.

"మరి ఆ పండ్లది?"

"అది నాజూకు, బాయీ. సాపు జమీన్ల గడ్డిని మెల్లగ కోసి పక్కకు పండవెడ్తది. నీ రాళ్ళల్ల దాని పండ్లన్ని రాల్తయి."

"దువ్వెన కోసం ఇంత దూరం వచ్చిన్నా సేటూ? ఈ రెక్కలదే తిప్పి చూపియ్యి."

షెడ్డు వెనక ముళ్ళపొద మీద తిప్పి చూపించాడు. నాలుగు దున్నపోతులు ఒక్కసారి తుమ్మినట్టు చప్పుడైంది. పొద ఉన్నచోట పొద లేదు. గాలిలో కాస్త దుమ్ము తేలింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ దుమ్మును కళ్ళారా చూసి చప్పట్లు కొట్టాను, గుర్తు పెట్టుకోండి.

మర్నాడు పొద్దున చెలక దగ్గర ఊరు ఊరంతా చేరింది. వదిన చేతులు కట్టుకుని ముందు వరుసలో నిలబడింది. నేను తాళ్ళు తెచ్చి, మోపులు కట్టడానికి నలుగురు ఆడవాళ్ళను వరుసగా నిలబెట్టాను.

"మిషన్ ముందట పోతది, మీరు ఎనక కట్టుకుంట రండ్రి. జర తొందరగ కట్టాలె మల్ల, మిషన్ ఆగది!" అని హుకుం జారీ చేశాను.

మల్లేశు మొదలుపెట్టాడు. గడ్డి పడుతుంటే నా ఛాతీ మూరెడు పెరిగింది. ఆ చివరి నుంచి వదిన కేక వినబడింది.

"లచ్చవ్వా! కట్టుమంటివి గని, దేన్ని కట్టాలెనే?"

వెళ్ళి చూద్దును గదా, నేల మీద జానెడు పుడక ఒక్కటి లేదు. అంతా పొట్టు. వదిన దోసెడు తీసి ఊదింది. అది నా మొహాన పడింది.

"చాట తెప్పియ్యనా? చెరుక్కుంటె కప్పుకు అక్కరొస్తదేమో!"

అప్పుడు తట్టింది నాకు. సేటు నేల గురించి అన్నీ అడిగాడు, గడ్డి దేనికని అడగలేదు. నేనూ చెప్పలేదు. గడ్డి కోసేది కప్పుకు కాక ఇంకెందుకు? మా వైపు చంటిపిల్లకైనా తెలుసు. సేటు ఇంటి మీద రేకులు! ఆయన లెక్కలో నేలను శుభ్రం చేయడానికి వచ్చాను. ఆయన సలహా తప్పు కాదు, చెలక నున్నగా గుండు గీసినట్టు తయారవుతోంది.

"ఆపుర మల్లేశూ, ఆపు!" అని చేతులు ఊపుతూ పరుగెత్తాను. ఆ చప్పుడులో వాడికేం వినబడుతుంది? అక్క సంబరపడుతోందనుకున్నాడు. వాడూ చేయి ఊపి, గేరు మార్చి, ఇంకా జోరుగా తిప్పాడు. నేను ఎంత గంతులేస్తే అంత ఉత్సాహం వాడికి. చివరికి ట్రాక్టరుకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. వాడు నవ్వుతూ దిగాడు.

"ఎట్లున్నదక్కా? ఒక్క పుడక మిగల్లే!"

"అదే రా నా ఏడుపు!"

వరుసగా నిలబెట్టిన ఆడవాళ్ళు తాళ్ళు నడుముకు చుట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం వదిన అరుగూ, దాని మీద చాపా, చాప పక్కన ఆవిడ నోరూ కళ్ళ ముందు కనబడుతున్నాయి. పొట్టులోనే కూలబడ్డాను.

వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"లే, మరదలా. ఒర్రె గట్లకు ట్రాక్టర్ దిగలే. పుట్టల చుట్టు తిరగలే. ఆడ గడ్డి అట్లనే ఉన్నది. కొడవండ్లు తెప్పిస్త. ఈసారి నువ్వు ఊకె కూసుంటె మాత్రం ఊకోను, ముందుగాల నువ్వే కొయ్యాలె."

అలా పిలిస్తే కూర్చుంటానా? కోశాను. ఒర్రె గట్టు మీద మేకలా వేలాడుతూ కోశాను. రెండు రోజుల్లో కప్పుకు సరిగ్గా సరిపడా మోపులయ్యాయి. మిగిలింది పిడికెడే.

కప్పు ఎక్కుతున్న రోజు సేటు సిరొంచ పోతూ తన మిషను కోసం మా ఇంటి దగ్గర ఆగాడు. పైకి చూసి మురిసిపోయాడు.

"వా బాయీ! నా మిషన్ ఇంత మంచి గడ్డి కోసిందా?"

"లేదు సేటూ. నీ మిషన్‌కు చాతగాని కాడ మొలిచిన గడ్డి అది. జర నీ మిషన్‌కు ఇంక రెండు పుట్టలు చాతనయితె నేను మా వదినె అరుగు మీద ఉందును."

ఆ సాయంత్రం కొత్త కప్పు కింద నిలబడి, వదినను సాక్షిగా పెట్టి, కుడిచేయి పైకెత్తి ఒట్టు వేశాను: ఇకమీదట గడ్డి కోసే వస్తువు ఏది తెచ్చినా, ముందు దానితో ఒక్క పుడక కోయించి, ఆ పుడకను మూర పెట్టి కొలిచి, రాజవ్వ వదిన చేతికిచ్చి, ఆవిడ తల ఊపాకే చప్పట్లు కొడతాను.