మామ పిల్లంగోవికి నేను చేసిన మరమ్మతు

ఆ రోజుల్లో నా చెవుల మీద నాకు ఎక్కడలేని నమ్మకం ఉండేది. నల్లగొండలో చదువుకుంటూ పక్కింటి పంతులుగారి దగ్గర మూడు నెలలు హార్మోనియం నేర్చుకున్నాను (నాలుగో నెల ఆయనే రావద్దన్నారు, కారణం చెప్పలేదు). ఆ మూడు నెలల విద్యతో లోకంలోని వాద్యాలన్నీ నాకు అపశ్రుతిగానే వినిపించసాగాయి. గుడిగంట కూడా కాస్త దిగి పలుకుతోందని ఒకసారి పూజారితో అన్నాను. ఆయన ప్రసాదం పెట్టకుండానే పంపేశారు.

శ్రావణంలో బోనాలకని కట్టంగూరు దగ్గర మా మేనమామ ఊరికి వెళ్లాను. ఊళ్లో బోనాల ముందు పిల్లంగోవి ఊదేది మామే. అడ్డంగా పట్టేది కాదు, కొసన నోట్లో పెట్టుకుని ఊదే లావుపాటి వెదురుగొట్టం. డప్పుల మోతను దాటి ఊరి చివరిదాకా వినపడేది. ఆడవాళ్లు దాని వెంటే పాట ఎత్తుకునేవాళ్లు. మామకు ఎకరన్నర మెట్ట చెల్క, నాలుగు మేకలు తప్ప మరేమీ లేకపోయినా, ఆ ఒక్కరోజు ఊరంతా ఆయన వెనక నడిచేది.

పండుగకు రెండు రోజుల ముందు మేమిద్దరం పిల్లంగోవి వెంటబెట్టుకుని, బోనాల ఏర్పాట్లు చూసే పటేలు ఇంటికి వెళ్లాం. అక్కడ భజనల హార్మోనియం ఉంది. నా చేయి ఊరుకోలేదు. "మామా, జర ఊదు, శ్రుతి చూస్త" అన్నాను. పక్క గదిలో పటేలు తల్లి పడుకుని ఉందని మామ మెల్లగా ఊదాడు. నేను మెట్టు నొక్కి, కనుబొమలు ముడిచి, పటేలు వింటుండగా తీర్పు చెప్పాను: "దిగి పలుకుతాంది." పటేలు ఊరుకుంటాడా? "గట్లనా! శ్రుతే లేకుంటే ఎట్ల? బాగైతే సరి, లేకుంటే గీసారి నల్లగొండ బ్యాండును పిలుస్త" అన్నాడు. మామ ముఖం చిన్నబోయింది. అయినా నా భుజం తట్టి, "మా అల్లుడున్నడు గద పటేలా, జేస్తడు" అన్నాడు.

చేశాను. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి, రంధ్రాలన్నీ కాస్త కాస్త పెద్దవి చేశాను. రంధ్రం పెరిగితే స్వరం పైకి వెళుతుందని ఎక్కడో విన్నాను (అందులో అబద్ధం లేదు, అదే నా దురదృష్టం). సాయంత్రం కల్లంలో మామ గుండెలనిండా గాలి పీల్చి ఊదాడు. అది కీచుమని ఎక్కడికో ఎక్కింది. మేకలు చెల్లాచెదురయ్యాయి. అత్త చెవులు మూసుకుని, "గంత మీదికి మేమెట్ల అందుకుంటమయ్యా?" అంది. నాకు బుర్ర తిరిగిపోయింది. పొద్దున దిగి పలికినది సాయంత్రానికి ఆకాశానికి ఎట్లా ఎక్కింది? నేను కాల్చింది పిసరంతే కదా!

సరే, దించాలి. తేనెపట్టు మైనం తెచ్చి రంధ్రాల అంచులకు మెత్తాను. బోనాలనాటికి అది పడిశం పట్టిన ముసలాయన గొంతులా బొంగురుగా పలికింది. పైగా ఆ మధ్యాహ్నం తుంపర. తడికి డప్పులు మెత్తబడి, వాటిని కాచడానికి వరిగడ్డి మంట వేశారు. మామ ఊదుతుంటే విన్న డప్పు కొట్టే తాత ఒకాయన నన్ను పిలిచి, "డప్పు దిగితే సెగ జూపిస్తం. దానికి గూడ జర జూపియ్యరాదు?" అన్నాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణాన అది నాకు గొప్ప శాస్త్రంలా తోచింది. చూపించాను. మైనమంతా కరిగి లోపలికి జారి గొట్టం మూసుకుపోయింది. మామ ఊదితే బుస్సుమనడం తప్ప చప్పుడే లేదు. అవతల ఆడవాళ్లు బోనాలు నెత్తికెత్తుకుని నిలబడ్డారు. పటేలు మా వైపే చూస్తున్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

మామ చీపురుపుల్లతో దొరికినంత మైనం గోకి, పిల్లంగోవి నోట పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. మొదట రెండు మూడు వంకర కూతలు. తర్వాత పాట వచ్చింది, మా అత్త గొంతు అందుకుంది. కళ్లు తెరిచి చూస్తే మామ వేళ్లు పూర్తిగా లేవడం లేదు. ఒక రంధ్రం సగం మూసి, ఇంకోదాని దగ్గర ఊపిరి తగ్గించి, చెడ్డ ప్రతి స్వరాన్నీ ఊదుతూనే దిద్దుకుంటున్నాడు. ఊరు చివరికి చేరేసరికి పెదవులు వాచాయి.

పటేలు సంతోషపడి, "మంచిగ బాగైందే! ఎవరు జేసిండ్రు?" అన్నాడు. మామ నన్ను ముందుకు నెట్టి, "మా అల్లుడు. సదువుకున్నోడు గద!" అన్నాడు. నేను తలవంచుకోవాల్సిందిపోయి, శ్రుతి ఎట్లా సరిచేశానో పటేలుకు వివరించాను కూడా.

ఇంటికి నడుస్తూ, "అసలు దానికేమైందే మామా?" అని అడిగాను.

"ఏం గాలే. నాడు ముసలమ్మ పండుకున్నదని మెల్లగ ఊదిన. మెల్లగ ఊదితే దిగుతది, గట్టిగ ఊదితే ఎక్కుతది."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"పటేలు ముంగట నిన్ను తప్పని ఎట్లంటరా అల్లుడా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్లంగోవి మళ్లీ బాగుపడలేదు. మామ ఇంకోటి చేసుకున్నాడు, దాన్ని నా చేతికి ఇవ్వలేదు. ఇప్పటికీ నలుగురిలో ఎవరి తప్పైనా ఎత్తిచూపాలని నోరు దురద పెడితే, ఆ పంతొమ్మిదేళ్ల విద్వాంసుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, నోరు మూసుకుంటాను. అన్నిసార్లూ మూసుకుంటానని మాత్రం చెప్పలేను.