నేను తుడిచిన గిన్నె

డెబ్బైల్లో, రేవు పక్క వన్ టౌన్‌లోని మా చర్చిలో, ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం ద్రాక్షారసానికి అందరికీ ఒక్కటే గిన్నె. మా ముందు వరుస తాతగారి మీసాలు అందులో మునిగేవి. తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. అయినా దేవుడి గిన్నె కదా, కళ్ళు మూసుకుని మింగేదాన్ని.

పెద్దమ్మ సంగతి వేరు. ఏడాదికి రెండు మూడుసార్లు ఆమె కింది పెదవి మీద గుత్తిగా నీటి పొక్కులు లేచేవి. అవి చితికి, రసి కారి, పచ్చగా అట్టకట్టేవి. ఛీ! ఆ మూతితో నవ్వుతూ పలకరిస్తే నాకు అన్నం సహించేది కాదు. నిద్రలో మూతి మీద బల్లి పాకిందని మా అమ్మ అనేది. పెద్దనాన్న ఓడల్లో పనిచేసేవాడు. అందుకని చర్చి ఆడవాళ్ళ గుసగుసలు ఇంకోలా ఉండేవి.

"ఊరూరు తిరిగే మనిషి. ఏ రేవులో ఏటి అంటించుకొచ్చేడో!"

నాకు పదహారేళ్ళు, నమ్మేశాను. ఒక ఆదివారం పెద్దమ్మ ఆ పొక్కులతోనే తాగింది. తర్వాత నా వంతు. పాస్టరు అయ్యగారి చేతిలోని గిన్నె అంచును ఓణీ చెంగుతో రుద్ది రుద్ది తుడిచాను. అదీ చాలక, తాగకుండానే లేచి వచ్చేశాను. చర్చంతా చూసింది. ఆ తర్వాత పెద్దమ్మ చర్చికి వచ్చేది గానీ, బల్లకు లేచేది కాదు. వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేది. అలా పదేళ్ళు.

పదేళ్ళకు జ్వరం వచ్చి తగ్గాక, నా పెదవి మీద అదే గుత్తి! అద్దంలో చూసుకుని వాంతి చేసుకున్నాను.

"హెర్పిస్" అన్నాడు డాక్టరు. "మీరు భయపడే చెడ్డ జబ్బు కాదు. ఎక్కువమందికి చిన్నప్పుడే ముద్దుతోనో ఎంగిలితోనో అంటుతుంది. జన్మంతా నరంలో పడుకుని, జ్వరానికో ఎండకో లేస్తుంది. పొక్కులు ఆరేదాకా మీ ఎంగిలి ఎవరికీ పెట్టకండి."

ఎంగిలా! తిన్నగా పెద్దమ్మ మీదికి పోయాను. "చిన్నప్పుడు నీ ఎంగిలే నాకీ రోత అంటించింది!"

పెద్దమ్మ తెల్లబోయింది. "నాదేటే? నీకు రెండో ఏట జొరమొచ్చి నోరంతా పూసీసింది. గంజి దిగనేదు. నువ్వు ఉమ్మిన మెతుకులు పారబొయ్యలేక నానే తినీసేను. ఆ నెల్లోనే నాకు మొదటిపాలి లేసింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎంగిలితో వస్తాదని నాకేటి తెలుసు? ఇప్పుడు నువ్వే సెప్తన్నావు."

నా మీద నాకే అసహ్యం వేసింది. చర్చిలో తుడవాల్సింది గిన్నె అంచా, నా మూతా?

పొక్కులు పూర్తిగా మానాక, బల్ల ఆదివారం పెద్దమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్ళాను. ఆమె తాగింది. గిన్నె నా దగ్గరికి వచ్చింది, అంచు ఇంకా తడిగానే ఉంది. పాడు చెయ్యి, మళ్ళీ చెంగు మీదికి పోయింది. తుడవకుండా తాగాను.