కనపడని అతుకు కోసం గోరంట్లకు

మా అపార్ట్‌మెంటు బాల్కనీలో గులాబీ కుండీలు ఉండాల్సిన చోట నేను గొట్టాలు అతికే గ్యాస్ సిలిండరు ఉంటుంది. సొంత చేతులతో సైకిలు కట్టడం నా సరదా. మా ఆవిడ సుజాత పొట్టి మనిషి. బజార్లో దొరికే ఏ సైకిలెక్కినా ఆమె కాళ్ళు నేలకందవు. ఆమె కొలతకు నేను కట్టిన మొదటి ఫ్రేము ఆమె ఎక్కగానే విరిగింది. రెండోది కిందికి తీసుకెళ్తుంటే లిఫ్టులోనే విరిగింది. "మూడోదీ విరిగితే సిలిండరు బయటికి పోతుంది, గులాబీలు లోపలికొస్తాయి" అని ఆమె చాలా శాంతంగా చెప్పింది. ఈ ప్రయాణానికి కారణం అదీ.

లోపమంతా అతుకులో ఉంది. రెండు గొట్టాలు కలిసే మూల చుట్టూ ఇత్తడి కరిగించి కట్టలా పోయాలి. ఆ తర్వాత మాలాంటి సరదారాయుళ్ళం ఆకురాయి పట్టుకుని దాన్ని గంటల తరబడి అరగదీస్తాం. అతుకే లేనట్టు, ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం మొలిచినట్టు కనిపించాక ఫోటో తీసి నెట్లో పెడతాం. ఆ ఫోటోకు వచ్చే మెచ్చుకోళ్ళు సైకిలు తొక్కితే రావు. గోరంట్లలో మాబున్ని అనే ఆవిడ నడవలేనివాళ్ళకు మూడు చక్రాల బండ్లు ఇత్తడి అతుకులతో కడుతుందని వీడియోల్లో చూసి ఫోను చేశాను. "రా అప్పా, రెండు దినాల్లో నేర్పిచ్చి పంపిస్తా" అంది.

కాచిగూడలో సాయంత్రం రైలెక్కాను. గొట్టాలు దుప్పట్లో చుట్టాను, చక్రాలూ మిగతా సామానూ గోనెసంచిలో వేశాను. ఎదుటి బెర్తులో పెనుకొండ వైపు రైతు ఒకాయన ఆ మూటను చాలాసేపు చూశాడు.

"బోరు పైపులా అన్నా?"

"కాదండీ, సైకిలు గొట్టాలు."

"మేలు. మావి ఎనిమిదొందల అడుగులు దిగినా తడి లేదు. నీవి పైనన్నా తిరుగుతాయి" అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి హిందూపురంలో దిగి, ఇడ్లీ తిని, గోరంట్ల బస్సెక్కాను. వెళ్ళదలచినవారు ఎండ పడని వైపు సీటు చూసుకోవాలి. దారంతా రాళ్ళగుట్టలు, వాన కోసం దున్ని పెట్టుకున్న చెనిక్కాయ (వేరుశనగ) చేలు. పదిగంటలకల్లా బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న మాబున్ని రేకుల షెడ్డులో ఉన్నాను.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. తల మీద కప్పుకున్న కొంగు పైన నల్ల కళ్ళద్దాలు, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. "ఏమప్పా, గొట్టాలు కాల్చుకునేకి ఇంత దూరం వచ్చినావా? హైదరాబాదులో మంట లేదా?" అని నవ్వి, పాఠం మొదలుపెట్టింది. "నా అతుకు ఇడిసిందంటే పేరు మార్చుకుంటా" అని ఫోనుకేసి చెబుతూ ఉండగా మంట ఒకేచోట నిలిచి గొట్టానికి చిల్లు పడింది. "ఇది చూపిచ్చేకే చేసినా" అంది తొణక్కుండా.

అయినా నేర్పింది. "ఇత్తడి కడ్డీని కాల్చొద్దు, గొట్టాన్ని కాల్చు. పైన పూసిన వెలిగారం నీళ్ళ మాదిరి మెరిసినాక కడ్డీ తాకిస్తే అదే కరుగుతాది." సాయంత్రం దాకా తుక్కు గొట్టాలు కాల్చాను. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి. రాత్రికి బస్సులో పుట్టపర్తి పోయి లాడ్జిలో దిగాను. "దర్శనానికా, సేవకా?" అన్నాడు మేనేజరు. వెల్డింగుకన్నాను. ఆయన తాళంచెవి చేతిలో పెట్టాడు.

రెండోరోజు మధ్యాహ్నానికి నా ఫ్రేము అతుకులన్నీ పూర్తయ్యాయి. గట్టివే, కానీ ముందు గొట్టం దగ్గరి అతుకు గొంగళిపురుగు పాకినట్టుంది. మాబున్ని అన్నం తిని కునుకు తీస్తోంది. నా సంచిలో ఆకురాయి ఉంది. ఆమె లేచేసరికి అతుకు అద్దంలా ఉంది, ఫోటో కూడా తీశాను.

చక్రాలు బిగించాక ఆమె వేలితో అతుకు తడిమి చూసింది. వెనక క్యారియరు మీద చెనిక్కాయల మూట కట్టించింది. "బస్టాండు దాకా పోయి రా. మా అంగట్లో కట్టినోళ్ళే ముందు ఎక్కాల. నా బండ్లు ఎక్కేటోళ్ళు దారిలో ఇరిగితే దిగి తోసుకుంటా రాలేరు గదా."

పోయేటప్పుడు బాగానే ఉంది. జనం నా అతుకు వంకే చూస్తున్నారనిపించింది. తిరిగి వస్తుంటే స్పీడుబ్రేకరు మీద అది టక్కున వదిలింది. నేనొక పక్క, మూట ఒక పక్క పడ్డాం. మూట పిగిలింది. చెనిక్కాయల కోసం మేకలు పరుగెత్తుకొచ్చాయి. టీకొట్టాయన వచ్చి నన్ను లేపాడు.

"మాబున్ని అంగడి బండి ఇరగదే. నువ్వేం చేసినావప్పా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఫ్రేమును భుజాన వేసుకుని షెడ్డుకు నడిచాను.

"నున్నగా కావాలనుకుంటివి, అయింది" అంది మాబున్ని. "బలమంతా పొడి చేసి కింద పోసినావు. బస్టాండులో పోయింది నీ పేరు కాదు, నాది." అని నా ఆకురాయి తీసి తన పెట్టెలో వేసి తాళం పెట్టింది.

రెండు దినాల చదువు అలా మూడయింది. మర్నాడు పాత ఇత్తడి కరిగించి తీసి, మళ్ళీ నేనే పోశాను, ఈసారి లావుగా, అలలు అలలుగా. "చూసేకి బాగలేదు. ఇరగదు" అంది. కొత్త మూటతో బస్టాండుకు రెండుసార్లు తిరిగాను. టీకొట్టాయన దూరం నుంచే తల ఊపాడు. వచ్చేటప్పుడు నేను ఆకురాయి అడగలేదు, ఆమె ఇవ్వనూ లేదు.

హిందూపురంలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కాచిగూడలో దిగాను. సుజాత ఆటో తెచ్చింది. స్టేషను బయట చక్రాలు బిగిస్తుంటే అతుకు చూసి, "ఇది ఎవరు చేశారు?" అంది.

"నేనే."

"అయితే ముందు మీరే తొక్కండి. నేను వెనకాల ఆటోలో వస్తాను."

కట్టినవాళ్ళే ముందు ఎక్కాలని ఆమెకెవరు చెప్పారో తెలియదు. ఆ పొట్టి సైకిలు మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతూ గుంతలన్నీ వెతికి మరీ తొక్కాను. మూడో సిగ్నల్ దగ్గర ఆటో పక్కకొచ్చి ఆగింది. ఆమె దిగి, చెప్పులు సర్దుకుని, "ఇక దిగండి" అంది.

సైకిలెక్కి రెండు పాదాలూ నేల మీద ఆనించి ఒక్క నిమిషం అలాగే నిలబడింది. తర్వాత తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆటోలో వెనకాల బయల్దేరాను.

"సార్, సైకిల్ మంచిగుంది గానీ ముందట అతుకు కనబడ్తుంది" అన్నాడు డ్రైవరు.

"కనబడనీ" అన్నాను.