అడ్డపొగ విడిచిన పెద్దింట్లమ్మ

పెళ్లయిన కొత్తలో అత్తగారి దగ్గర పట్టిన అలవాటు. పెద్దింట్లమ్మ చుట్టను మండే వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. తుని దగ్గరి తీరంలో దాన్ని అడ్డపొగ అంటారు. అలల తుంపరకు నిప్పు ఆరదు, తట్ట మోసే చేతులకు అడ్డం రాదు. రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు కూడా నోట్లో నిప్పే, అందుకని ఆమె వేళ్లతోనే ధర చెప్పేది.

ఈ ఏడాది అంగిట్లో తెల్లమచ్చ లేచింది. తునిలో పళ్ల డాక్టరు ఉషారాణి టార్చి వేసి చూసింది. చుట్ట ఆపకపోతే అది రాచపుండవుతుందని, వేసవిలోగా తగ్గకపోతే కోయాలని చెప్పింది.

పెద్దింట్లమ్మ మానేసింది. వేట బాగా పడిన రోజున మళ్లీ అంటించింది. మళ్లీ మానేసింది, మళ్లీ అంటించింది.

తోడికోడలు అప్పాయమ్మ ఊరుకోలేదు. "మానడానికేముందక్కా, రేపు మళ్లీ అంటించుకోవచ్చు. అమ్మోరి ముందు విడు, చూస్తాను."

ఆ పేటలో ఈ రెండు మాటలకూ చాలా దూరం. మానడం అంటే ఆగడం. విడవడంలో 'విడి' ఉంది. ముడి విడిపోతుంది, పాము కుబుసం విడుస్తుంది, మనిషి ప్రాణం విడుస్తాడు. కలిసి ఉన్నవి వేరైపోవడమే ఆ మాటకు మొదలు. కాశీ వెళ్లినవాళ్లు కూడా ఇష్టమైన కాయనో పండునో విడిచే వస్తారు.

పెద్దింట్లమ్మ సముద్రంలో మునకేసి, తడి బట్టలతో మరిడమ్మ గుడికి వెళ్లింది. చుట్టల కట్ట గడప దగ్గర పెట్టి, విడిచానని పైకి చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

మర్నాడు పాటకు వెళ్లింది. వంజరాల గుట్ట కోసం అలవాటుగా వేళ్లెత్తింది. పాట పెట్టే భీమరాజు చూసి నవ్వాడు. "నోట్లో నిప్పు లేదుగా అత్తా, ఇంకా మూగసైగలేంటి?"

వర్తకులూ నవ్వారు. అప్పుడు లేచింది ఆమె గొంతు. రేవు ఆ చివరిదాకా వినపడేలా ధర అరిచి, "పాడే దమ్ము లేకపోతే తప్పుకోండి బాబూ, చేప ఎండిపోతోంది," అంది. గుట్ట ఆమెదైంది. మరుసటి రోజూ అంతే. ఇన్నాళ్లూ ఆమె వేళ్లు కనపడనట్టు నటించి గుట్టలు పంచుకున్నవాళ్లు, ఆమె వచ్చేలోపే పాట ముగించమని భీమరాజును బతిమాలడం మొదలుపెట్టారు.

వేసవి మొదట్లో ఉషారాణి మళ్లీ టార్చి వేసి, అంగిలంతా వెతికి, మచ్చ పోయిందని చెప్పింది.

"అయితే కొయ్యరన్నమాట," అంది పెద్దింట్లమ్మ. ఆ గొంతుకు బయట వరసలో కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడి లేచారు.

"కొయ్యనమ్మా. కాస్త నెమ్మదిగా మాట్లాడండి."

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. పడవలు ఒడ్డుకొచ్చే వేళ.