అత్తయ్యను నడిపించిన కరివేపాకు

ఆషాఢం ఇంకా దూరంగా ఉండగానే మా ఇంట్లో కరివేపాకు రోజూ మాయమవడం మొదలైంది. మాయం చేసేది నేనే. పొద్దున్నే లేచి, అత్తయ్య స్నానానికి వెళ్లే సమయం చూసి, ఫ్రిజ్‌లో ఉన్న రెమ్మలన్నీ ఒక కాగితం సంచిలో కుక్కి, బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక దాచేసేదాన్ని. ఆవిడ వంటింట్లోకి వచ్చేసరికి ఖాళీ డబ్బా పట్టుకుని, "అయ్యో, కరివేపాకు లేదండీ అత్తయ్యా" అని నిట్టూర్చేదాన్ని. నటనలో నాకంత ప్రతిభ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇదంతా అత్తయ్యను నడిపించడానికి. ఆవిడ నడవకపోతే బోనం నేను మోయాల్సి వస్తుంది.

మా అత్తగారిల్లు అమీర్‌పేటలో. ఏటా ఆషాఢంలో ఆ ఇంటి నుంచి బల్కంపేట ఎల్లమ్మకు బోనం వెళ్తుంది. పసుపు కుంకుమలు పెట్టిన కుండలో అన్నం, చుట్టూ వేపకొమ్మలు, పైన వెలిగే దీపం. దాన్ని నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, ఇంటి గడప నుంచి గుడి దాకా నడవాలి. ఆటోలో తీసుకెళ్లొచ్చా అని పెళ్లైన కొత్తలో అడిగాను. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి పంజాగుట్టలో స్థిరపడ్డవాళ్లు, నాకు ఈ పద్ధతులు తెలియవు. ఆ ప్రశ్నకు అత్తయ్య నవ్విన నవ్వు గురించి చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇంట్లో బోనం ఎత్తుకునేది ఆవిడ. ఆవిడ కాకపోతే కోడలు. ఉన్న ఒక్క కోడల్నీ నేనే.

ఇక నా ఒంటి సంగతి చెప్పాలి. నేను చదివిన బడి పంజాగుట్టలో ఒక నాలుగంతస్తుల భవనం. దానికి మైదానం లేదు. పీటీ పీరియడ్ అంటే కింద పార్కింగ్‌లో, టీచర్ల స్కూటర్ల మధ్య నిలబడడం. చేతులు చాచమంటారు గానీ చాచకూడదు, స్కూటర్ అద్దాలు విరుగుతాయి. పరిగెత్తమంటారు గానీ అక్కడికక్కడే పరిగెత్తాలి. అలా ఉన్నచోటే పరిగెడుతూ నా చదువు మొత్తం పూర్తి చేశాను.

ఏడాదికొకసారి మాత్రం ఎక్కడో మైదానం అద్దెకు తీసుకుని ఆటల పోటీలు పెట్టేవారు. నేను పాల్గొన్న ఒకే ఒక్క పోటీ చెంచాలో నిమ్మకాయ. చెంచా నోట కరుచుకుని, దాంట్లో నిమ్మకాయ పడకుండా గీత దాకా నడవాలి. పీటీ సారు విజిల్ ఊదగానే నేను నిమ్మకాయ వైపు చూశాను. అంతే, అది కింద పడింది. మిగతా పిల్లలు గీత దాటి బహుమతులు తీసుకుంటుంటే నేను పెద్దవాళ్ల కుర్చీల కింద దూరి నిమ్మకాయ వెతుక్కుంటున్నాను.

తర్వాత ఉద్యోగం. సోమాజిగూడలో ఆఫీసు. లిఫ్టు దిగి కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం కుర్చీలోంచి లేచి లిఫ్టు ఎక్కడమే. మా ఒళ్లు బాగుండాలని ఆఫీసువాళ్లు పొద్దుటి మీటింగ్ నిలబడి చేసుకోమన్నారు. మొదటి రోజు అందరం నిలబడ్డాం. రెండో రోజు గోడకు ఆనుకున్నాం. వారం తిరగకముందే కుర్చీలు లాక్కుని కూర్చుని, దాన్ని స్టాండప్ మీటింగ్ అనే పిలుస్తూ వచ్చాం. శుక్రవారాలు ఒంటిని సాగదీసే వ్యాయామాలు వీడియోలో చెప్పేవారు. కెమెరా ఆపేసి నేను వాటిని మిర్చిబజ్జీలు తింటూ శ్రద్ధగా చూసేదాన్ని.

ఒకసారి లిఫ్టు చెడిపోతే ఆఫీసుకు మెట్లెక్కి వెళ్లి, బ్యాగు దించకుండానే నేల మీద కూలబడ్డాను. సెక్యూరిటీ ఆయన నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చాడు. అలాంటి నేను, మండే దీపం నెత్తిన పెట్టుకుని, జనం మధ్య, ఉత్త కాళ్లతో బల్కంపేట దాకానా?

ఆ వేసవిలో అత్తయ్య మోకాలు వాచింది. సోమాజిగూడలో డాక్టరుకు చూపించాం. రోజూ నడవాలని, నడవకపోతే మోకాలు పట్టేస్తుందని ఆయన గట్టిగా చెప్పాడు. బోనం నా నెత్తి మీదికి వచ్చేలా ఉందనిపించింది. ఎందుకంటే అత్తయ్య పొలం పనులు చేసిన మనిషి. ఊరికే నడవడం అనే మాట ఆవిడకు ఎక్కదు.

"గా డాక్టరుకు ఏమన్న అయిందా? నడువుమంటుండు. యాడికి నడవాలె?" అంది ఆటోలో.

"ఎక్కడికీ కాదండీ. ఊరికే, ఒంటికి మంచిదని" అన్నాను.

"పని మీద పోతే నడక. పని లేకుంట తిరిగితే దాన్ని మాకాడ వేరే పేరుతోని పిలుస్తరు."

ఇంటికొచ్చాక మా ఆయన సోఫాలో పడుకునే సలహా ఇచ్చాడు. "అమ్మా, పొద్దుగాల పార్కుల నడువరాదు? మస్తు మంది వస్తరు."

"చూసిన లే. గానుగెద్దుల లెక్క గిర్రగిర్ర తిరుగుతుండ్రు. యాడ మొదలువెట్టిండ్రో మళ్ల గాడికే వస్తుండ్రు. గంతదానికి బూట్లు సుత కొనుక్కున్నరు" అని ఆవిడ టీవీ పెట్టుకుంది.

ఆ రాత్రే నాకు కరివేపాకు ఆలోచన తట్టింది. పని లేనిదే నడవదు కదా, పని పుట్టిస్తే సరి. పోపులో కల్యామాకు లేకుండా, అంటే కరివేపాకు లేకుండా, ఆవిడ పప్పు ముట్టదు. పక్క సందులో కూరగాయల బండి ఉంది గానీ అక్కడి ఆకు బాగోదని ప్రచారం చేశాను. ఆవిడ ఒక్కతే రోడ్డు దాటలేదు కాబట్టి తోడు నేనే వెళ్లాలి. రోజూ కాస్త నడిస్తే ఆవిడ మోకాలు బాగుపడుతుంది, నా నెత్తి ఖాళీగా ఉంటుంది. ఆఫీసుకు వెళ్లే ముందు అరగంట పోతే పోయింది.

పథకం నేను అనుకున్నదానికన్నా బాగా పారింది. నేను ఒక బండి అనుకుంటే ఆవిడ రెండో బండికి పోదామనేది. "గీ ఆకు వాడిపోయింది, జర ముందటికి పోదాం" అని సందులు దాటించేది. రోడ్డు అవతలికి వెళ్లాలంటే మెట్రో స్టేషన్ ఎక్కి దిగాలి. కదిలే మెట్లంటే తనకు భయమని, కాలు ఇరుక్కుంటుందని, మామూలు మెట్ల వైపే లాక్కుపోయేది. అత్తయ్య భయం కూడా నా పథకంలో కలిసొచ్చిందని లోపల మురిసిపోతూ వెనకాలే ఎక్కేదాన్ని. సగానికి వచ్చేసరికి నాకు ఆయాసం. ఆవిడ పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "డాక్టరు మోకాలు నాదని చెప్పిండా, నీదని చెప్పిండా?" అనేది.

సంచి మోసేది నేనే. మొదట్లో కరివేపాకు, కొత్తిమీర. తర్వాత కొబ్బరికాయలు. ఒకరోజు గుమ్మడికాయ. గుమ్మడికాయతో ఏం చేస్తారండీ అంటే, "ఏందో ఒకటి చేస్తా గానీ, నువ్వు వంగకు. నడుము నిలువుగ పెట్టు" అంది. సంచి బరువుకు నేను నేల చూపులు చూస్తుంటే ఊరుకునేది కాదు. "కింద ఏమన్న పారేసుకున్నవా? కిందికి చూడకు. ముందటికి చూడు." మోకాలి నొప్పితో చిరాకు పడుతోందిలే అని సరిపెట్టుకునేదాన్ని. నిమ్మకాయ రోజుల నుంచీ కిందికి చూడడం నాకు అలవాటే మరి.

ఒక్క సంగతి మాత్రం అర్థమయ్యేది కాదు. వాషింగ్ మెషిన్ వెనక నేను దాచిన సంచి సాయంత్రానికి ఉండేది కాదు. పనామె చెత్తలో పడేసిందేమో అనుకున్నాను. అడిగితే గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాను. అదే రోజుల్లో అత్తయ్య నా లంచ్ డబ్బాలో కొత్తగా కారప్పొడి పెట్టడం మొదలుపెట్టింది. మంచి వాసన. ఆఫీసులో నాకంటే ముందు తోటివాళ్లే డబ్బా తెరిచేవారు. ఇంటికొచ్చి పొగిడితే, "తిను బిడ్డా, రక్తం పడ్తది" అనేది.

ఆషాఢం వచ్చేనాటికి మోకాలి వాపు తగ్గింది. ఆవిడ చకచకా నడుస్తోంది. నేనూ మెట్రో మెట్లు మాట్లాడుకుంటూనే ఎక్కేస్తున్నాను గానీ, దాన్ని నేను పట్టించుకోలేదు. నా దృష్టంతా ఆవిడ మోకాలి మీదే. ఇక గండం గడిచిందని, బోనాల కోసం మంచి చీర కొనుక్కున్నాను, పక్కన నడుస్తూ ఫొటోల్లో పడడానికి.

బోనం రోజు పొద్దున ఇల్లంతా వేపాకు వాసన. అత్తయ్య తెల్లవారుజామునే లేచి అన్నం వండి, కుండ కడిగి, పసుపు రాసి, దీపం సిద్ధం చేసింది. వీధి చివర డప్పు మొదలైంది. నేను కొత్త చీరలో ఫోన్ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను.

"ఫోన్ ఆనికియ్యి. ఇటు రా" అంది అత్తయ్య, పక్కనే ఉన్న మా ఆయనను చూపిస్తూ. ఆవిడ చేతిలో కుండ కింద పెట్టుకునే గుడ్డ చుట్ట ఉంది. దాన్ని తెచ్చి నా నెత్తి మీద పెట్టింది.

"అత్తయ్యా, నేనా? మీ మోకాలు బాగానే ఉంది కదండీ!"

"మంచిగనే ఉంది. ఎవలు కాదన్నరు? కదలకు, సరిగ్గ పెట్టనీ."

"నా వల్ల కాదండీ. పడేస్తాను. నేను నిమ్మకాయే మోయలేకపోయాను!"

"నిమ్మకాయేంది పిల్లా? గుమ్మడికాయ మోసినవ్. గన్ని మెట్లెక్కినవ్. ఇంకేం గావాలె?"

"అది మిమ్మల్ని నడిపించడానికి కదా!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అత్తయ్య నడుము మీద చేయి పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. "ఇంట్ల కల్యామాకు లేదని రోజు నన్ను బజారుకు తీస్కపోతివి. మరి రోజు నీ డబ్బాల పెట్టిన పొడి యాడికెల్లి వచ్చింది? ఒక్కనాడన్న అడిగినవా?"

మా ఆయన గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. వాషింగ్ మెషిన్ వెనక నేను దాచిన ఆకంతా ఎండి, వేగి, దంచబడి, నా కడుపులోకే చేరిందన్నమాట. వేలు నాకి మరీ తిన్నాను.

"మరి కదిలే మెట్లంటే భయమన్నారు?"

"నాకేం భయం? మా చెల్లెతోని సినిమాకు పోయినప్పుడల్ల ఎక్కుత. నువ్వు ఎక్కద్దని గట్ల చెప్పిన."

నాకు కోపం, సిగ్గు, నవ్వు కలిసి వచ్చాయి. "ఇంత నాటకం ఎందుకండీ? నన్ను అడిగితే సరిపోయేదిగా."

"అడిగితే నడిచేదానివా?"

ఆవిడ కుండ చుట్టూ వేపకొమ్మలు సర్దుతూ, గొంతు తగ్గించి చెప్పింది. "మా అత్త పోయేదాంక ఆమెనే ఎత్తుకున్నది. ఒక్క యాడాది సుత నాకియ్యలే. ఆమె పోయినంక నేనొక్కదాన్నే ఎత్తుకున్న. యాడ ఆగాలె, యాడ మెల్లగ పోవాలె, చెప్పేటోళ్లు లేరు. దారి పొడుగూత ఏడ్చుకుంటనే పోయిన. నువ్వు గట్ల పోవద్దు. నేను నీ పక్కన నడువగలిగినప్పుడే నువ్వు ఎత్తుకోవాలె. గందుకే డాక్టరు మాట ఇన్న, లేకుంటే నాకేం పట్టింది నడుచుడు?"

నేను నెత్తి మీది గుడ్డ చుట్ట సరిచేసుకున్నాను. ఆవిడ కుండ ఎత్తి నా నెత్తిన పెట్టింది.

మొదటి అడుగులు గుర్తు లేవు. డప్పు గుర్తుంది. వీధిలో ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి నా కాళ్ల మీద నీళ్లు పోయడం గుర్తుంది. మెడ బిగుసుకుంది. దీపం నాకు కనిపించదు, ఎదురొచ్చేవాళ్లు తలెత్తి చూడడాన్ని బట్టి వెలుగుతోందని అనుకోవాలి. పెద్దరోడ్డు దాటి బల్కంపేట వైపు తిరిగేసరికి జనం పెరిగారు. ఎవరో తోసుకొచ్చారు, నా కాలు గుంటలో పడింది, కుండ ఒక పక్కకు ఒరిగింది. నా చూపు చటుక్కున నేల మీదికి పోయింది.

"కిందికి చూడకు. ముందటికి చూడు."

అత్తయ్య గొంతు పక్కనే ఉంది. ఆవిడ చెయ్యి నా మోచేతి కింద సిద్ధంగా ఉంది గానీ నన్ను తాకలేదు. నేను ముందుకు చూశాను. నడుము నిలువుగా పెట్టాను. కుండ నిలబడింది. నాకు ఆయాసం రాలేదని అప్పుడు తెలిసింది. గుడి ముందు వరుసలో నిలబడ్డప్పుడు నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, చేతులు రెండూ కుండ మీద ఉండడంతో తుడుచుకోవడానికి లేదు. ఆవిడే కొంగుతో తుడిచింది. "కొత్త చీర మంచిగుంది" అంది.

మర్నాడు పొద్దున మెడ పట్టేసి, కాళ్లు వాచి, కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చాను. అత్తయ్య సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, నాకోసమే చూస్తూ నిలబడి ఉంది.

"కల్యామాకు అయిపోయింది పిల్లా" అంది, నాలాగే నిట్టూరుస్తూ.

ఆవిడ వెనక గట్టు మీద డబ్బాకు మూత కూడా పెట్టలేదు. నిన్న పోపు కోసం నేనే నింపిన పచ్చటి ఆకు అంచుల దాకా కనిపిస్తోంది.

"అయ్యో, అవునా అత్తయ్యా" అన్నాను. చెప్పులు వేసుకున్నాను. సంచి ఆవిడ భుజం మీంచి నేను తీసుకున్నాను.