సారు వెతికి తెచ్చిన పుట్టినరోజులు

మా సోషల్ సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను దబ్బనంతో ఒక లావుపాటి పుస్తకం కుడుతున్నాను. వరంగల్‌లో ఒక సందులో నాకు చిన్న బైండింగు దుకాణం ఉంది. కుట్టు సగంలో వదిలేస్తే దారం సడలి, కాగితాలు ఒకదాని మీద ఒకటి అలిగినట్టు పక్కకు జరిగిపోతాయి. అందుకని ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పని ఆపకుండానే విన్నాను. ఫోన్ చేసింది పదో తరగతిలో నా బెంచీ మీద కూర్చున్నవాడు. లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

"సార్ పోయిండురా. పొద్దున చాయ్ తాగి పేపర్ అడిగిండట. బిడ్డ పేపర్ తెచ్చేలోపు పోయిండు."

"ఏ పేపర్ అడిగిండు?" అన్నాను.

"నీ తలకాయ. గిప్పుడు అడిగేది గదేనా?"

నిజమే. ఏం అడగాలో తోచనప్పుడు మనిషి ఇట్లాంటివే అడుగుతాడు. మిగిలిన కుట్లు వేసి, ముడి బిగించి, దారం కోసి, అప్పుడు ఏడ్చాను.

మర్నాడు సమాధుల తోటలో చూస్తే అన్నీ బట్టతలలే. సారు దగ్గర చదివిన బ్యాచులన్నీ వచ్చాయి. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఆమెన్ ఎక్కడ అనాలో మాలో సగం మందికి తెలియదు. సంఘంవాళ్ళు అన్న తర్వాత అరక్షణం ఆలస్యంగా మా గొంతులు లేచేవి. బడిలో ప్రతిజ్ఞ చెప్పినప్పుడూ మాది అదే వరస. సారు ఉంటే కళ్ళతోనే నవ్వేవారు. తలా పిడికెడు మట్టి వేసి పక్కకు వచ్చి నిలబడ్డాం. ముసలివాళ్ళం నలుగురం ఒకచోట చేరాక ఎంతసేపు ఊరుకుంటాం?

"నాది మక్కకంకి పాలువట్టే యాల్ల," అన్నాడు లైన్‌మన్.

"నాది బర్రె ఈనిన నాలుగోనాడు," అన్నాడు ఇంకొకడు. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు.

పాస్టరు గారు కుర్రవాడు. మా మాటలు విని దగ్గరికి వచ్చారు. "పెద్దయ్యా, ఏం మాట్లాడుకుంటున్నారు?"

"మా పుట్టినరోజులు, అయ్యగారూ."

ఆయన మా ముఖాలు చూసి, ఎండ దెబ్బ అనుకున్నట్టున్నారు, మంచినీళ్ళు పంపించారు.

ఆయనకు ఆ పూట చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మా కాలంలో పిల్లవాడు ఏ రోజు పుట్టాడో ఇంట్లో ఎవరూ రాసిపెట్టుకునేవాళ్ళు కాదు. బడిలో చేర్పించేటప్పుడు హెడ్‌మాస్టరే జూన్‌లో ఒక తారీఖు వేసేసేవాడు, బడులు తెరిచే నెల కనుక. ఇప్పుడు మా వయసువాళ్ళ ఆధార్ కార్డులు వరసగా పేర్చి చూడండి. జూన్‌లో తప్ప మా తల్లులకు పిల్లల్ని కనే తీరికే లేదనిపిస్తుంది. నిజానికి జూన్‌లోనే వాళ్ళకు తీరిక ఉండేది కాదు. తొలకరి పడితే విత్తనాలు పెట్టే పని. బ్యాంకులో ఒక అమ్మాయి నన్ను అడిగింది కూడా, "అంకుల్, మీ ఏరియాలో అందరూ జూనేనా?" అని. నాది కాదమ్మా అని గర్వంగా చెప్పాను. ఆ గర్వం సారు ఇచ్చింది.

సారు కొత్తగా మా హైస్కూలుకు వచ్చిన ఏడు మమ్మల్ని పదో తరగతి పరీక్ష ఫారాలు నింపమన్నారు. మా రిజిస్టరులో పుట్టిన తేదీ గడిలో ఎవరో పెన్సిలుతో జూన్, జూన్, జూన్ అని కిందివరకూ గీసుకుంటూ పోయారు. సారు కాసేపు చూశారు. "మనిషి ఏదో ఒక నెలల పుట్టడురా. ఒక దినం పుడ్తడు," అన్నారు. ఆ సాయంత్రం నుంచి సైకిలెక్కి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు, తల్లుల్ని అడగడానికి.

డ్రైవరు వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాళ్ళమ్మ పేడతో పిడకలు కొడుతూ సారు వైపు తిరగకుండానే జవాబు చెప్పింది.

"బర్రె ఈనిన నాలుగోనాడు పుట్టిండు సారూ."

"బర్రె ఎప్పుడు ఈనిందమ్మా?"

"వీడు పుట్టేటందుకు నాలుగొద్దుల ముందు."

"అట్ల గాదమ్మా, గప్పుడు వానలా, చలా?"

"నొప్పుల మీద ఉన్నదాన్ని, బయట వాన పడ్తాందా చలి వెడ్తాందా చూస్తనా సారూ? నువ్వు కన్నవా ఎన్నడన్న?"

సారు పకపకా నవ్వారు. కానీ అక్కడి నుంచి కదల్లేదు. ఆ బర్రె దూడను ఎవరు కొన్నారో కనుక్కుని, వాళ్ళింటికి పోయి, దూడను కొన్న ఏడే ఆ ఇంట్లో జరిగిన పెళ్ళి ఏ నెలలోనో కనుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ వచ్చారు. తిథులు తేలకపోతే గుడి పంతులు గారి దగ్గరికి పోయేవారు. ఆదివారం చర్చిలో పాటపాడే మనిషి సోమవారం పంతులు గారి అరుగు మీద పాత పంచాంగాలు ముందేసుకుని కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. హెడ్‌మాస్టరు గారికి మాత్రం మండిపోయింది. "ఏమయ్యా, ఇది బడా, జాతకాల దుకాణమా? జూన్ రాస్తే నీ సొమ్మేం పోతది?"

అందరూ పోయాక నేనూ అదే అడిగాను. అప్పుడు చెప్పారు. సారు నాయన కూలి మనిషి. ఏదైనా దాచిపెట్టుకోవడానికి ఇంట్లో పెట్టె కూడా లేదు. కానీ సారు పుట్టినరోజే చర్చిలో అప్పటి పాస్టరు ఆయన పేరు, తారీఖు, పొద్దా సాయంత్రమా అన్నది కూడా సిరాతో పెద్ద పుస్తకంలో రాశాడట. "నేను వచ్చిన్నాడు ఒకలు చూసి రాసుకున్నరురా. గది ఎంత బలమో, ఉన్నోళ్ళకు తెల్వది."

ఇక్కడ నా చదువు సంగతి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఆ ఏడు నేను పదో తరగతి తప్పాను. ఫారంలో నింపినవాటిలో నాకు పనికొచ్చింది పుట్టిన తేదీ ఒక్కటే. ఆ తర్వాత నన్ను బైండింగు పనిలో పెట్టించిందీ సారే. నేను చదువుకున్నదంతా దుకాణానికి రిపేరుకు వచ్చిన పుస్తకాల్లోదే. చిరిగితేనే కదా వస్తాయి, అందుకే నాకు తెలిసిన చరిత్రలకు మొదటి పేజీలూ చివరి పేజీలూ ఉండవు. ఒక రాజు యుద్ధానికి బయల్దేరాడని తెలుసు, గెలిచాడో లేదో తెలియదు. సారును అడిగితే, "నడుమ తెలుసు గదా, చాలు. చాలామందికి గదీ తెల్వది," అనేవారు.

అంత కష్టపడి తారీఖులు పట్టుకొచ్చిన మనిషి ఎన్నడూ ఎవరికీ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పలేదు. ఒకసారి నేను నిష్ఠూరమాడాను. "తారీఖు నేనిచ్చిన. వాడుకునుడు నీ పని," అన్నారు.

కిందటి నెల చూడటానికి వెళ్ళినప్పుడు సారుకు మనుషులు ఆనడం లేదు. ఆయన బిడ్డ, మా చెల్లెలు లాంటిది, చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "నాన్నా, ఎవలొచ్చిండ్రో చూడు." సారు నన్ను చాలాసేపు చూశారు. పేరు దొరకలేదు. "ఏ నెలరా నువ్వు?" అన్నారు.

"మార్చి, సార్."

కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేవబోతే, "మిరపకాయల వాన," అన్నారు.

"గదేంది అన్నా?" అని అడిగింది చెల్లె. పెద్ద కథ, మళ్ళీ చెప్తానన్నాను. సమాధుల తోటలో మళ్ళీ అడిగింది. అప్పుడూ దాటేశాను. చెల్లే, ఇది నీకే రాస్తున్నాను, మిగతావాళ్ళూ వింటే విననీ.

మా నాయన భివండికి మరమగ్గాల పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. నన్ను సాకింది మా పెద్దమ్మ, తన నలుగురితోపాటు ఐదోవాణ్ణి. కంచం దగ్గర ఎన్నడూ తేడా చూపలేదు. కానీ కోపమొస్తే ఆమె నోటికి ఒకే తిట్టు వచ్చేది: "పుట్టంగనే తల్లిని మింగినోడా!" చెంబు జారవిడిచినా అదే, లెక్కల్లో సున్నా వచ్చినా అదే. వినీ వినీ నేను దాన్ని తిట్టుగా వినడం మానేశాను. అది నా గురించిన నిజం అనుకున్నాను. నేను పుట్టిన రోజే మా అమ్మ పోయింది, నన్ను కనబట్టి పోయింది. పదిహేనేళ్ళు ఆ బరువుతోనే తిరిగాను.

ఫారం దగ్గర నా వంతు వచ్చేసరికి, "జూన్ రాయండి సార్," అన్నాను.

"అందరికి జూన్ వద్దని నేను తిరుగుతాంటే నువ్వు జూన్ అంటవేందిరా?"

"నాకు గా తారీఖు వద్దు సార్. గా దినమే మా అమ్మ సచ్చిపోయింది. నావల్లనే."

సారు కలానికి మూత పెట్టారు. ఓదార్చలేదు, తల నిమరలేదు. "మీ అమ్మగారిది ఏ ఊరు?" అని మాత్రం అడిగారు. కేసముద్రం అవతల ఒక పల్లె అని చెప్పాను.

రెండు ఆదివారాలు సారు చర్చిలో కనపడలేదట. ఇక్కడ బడిలో ఫారాలు పంపే గడువు దగ్గరికి వచ్చింది. "ఒక్క పోరని కోసం అందరి ఫారాలు ఆపుతవా?" అని హెడ్‌మాస్టరు గారు కేకలేశారు. "అందరివి తీస్కపోండి సార్. సోమవారం పొద్దున ఇదొక్కటి నేనే తెచ్చిస్త," అన్నారు సారు.

మూడో ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ కంగారుపడింది. "ఏం జేసిండు సారూ వీడు?"

"ఏం జెయ్యలే అమ్మా. గా సంగతి చెప్పిపియ్యనీకే తీస్కపోతాన."

ప్యాసింజరు బండిలో కేసముద్రం దిగాం. స్టేషన్ దగ్గర సారు కిరాయి సైకిలు తీసుకుని నన్ను వెనక ఎక్కించుకున్నారు. పల్లెలో ఒక గుడిసె ముందు ఒక ముసలామె మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. ఆ ఊళ్ళో కాన్పులన్నీ చేసిన మంత్రసాని ఆమె.

"తెచ్చినవా సారూ? వీడేనా? దగ్గరికి రా బిడ్డా. నోరు తెరువు."

తెరిచాను. మిరప ఘాటు వేళ్ళతోనే నా పెదవి పైకెత్తి చూసింది. మంటకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

"కింద రెండు, మీద రెండు. గీ నాలుగు పండ్లు వచ్చినంకనే నీ తల్లి పోయింది."

నాకు అర్థం కాలేదు. "పుట్టినప్పుడే పండ్లుంటయా అవ్వా?"

"పుట్టినప్పుడు ఎవనికుంటయిరా పిచ్చోడా! పదకొండో నెల నీకు. గోడవట్టుకొని నిలవడ్తానవు. ఊరంత జరమొచ్చింది గా యేడు. మా వాడకట్టుల నలుగురు పోయిండ్రు. గండ్ల నీ తల్లి ఒకతి."

నేను పుట్టిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద కాలం కాని కాలంలో వాన కొట్టింది. ఊరంతా కాయలు ఎత్తడానికి ఉరికింది. మా అమ్మ దగ్గర ఈమె ఒక్కతే మిగిలింది. "బయట మొత్తుకునుడు, లోపట నువ్వు మొత్తుకునుడు," అంది.

"మరి నావల్ల గాదా?" అన్నాను. ఆ మాట ఎట్లా బయటికి వచ్చిందో నాకే తెలియదు.

"నీవల్లనా? నువ్వేం జేసినవు? ఒకనాడు పాలు తాగుకుంట కొరికినవు. నీ తల్లి ఉరికొచ్చి నాతోని చెప్పింది. 'వీనికి గింత జల్ది పండ్లెందుకిచ్చిండే అవ్వా దేవుడు' అని, కొంగు నోట్లె వెట్టుకొని ఒకటే నవ్వుడు."

అప్పటిదాకా మా అమ్మ నాకు ఒక చావు మాత్రమే. ఆమెకు నవ్వు ఉండేదని ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా, అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. సారు అప్పుడు నా వైపు చూడలేదు. ఆ ముసలామెతో కలిసి తొడిమలు తీయడం మొదలుపెట్టారు, అదే పనిమీద వచ్చినట్టు.

ఇంటికి వెళ్ళాక పెద్దమ్మను నిలదీశాను. ఆమె తెల్లబోయింది. "తిట్టుల అన్న గాని లెక్కల అన్ననారా? నీ తల్లి పోయెనాటికి నేనాడ లేకపోతి. అంత పసిగుడ్డువని అన్న," అని కూలబడింది. ఆ తిట్టు మళ్ళీ ఎన్నడూ తిట్టలేదు. ఆమె మీద నాకు కోపం నిలవలేదు. దారిలోనే సారు చెప్పి పెట్టారు: "ఐదుగురు పిల్లల నడుమ ఆమె నోటికి ఏదో ఒకటి దొరకాలెగదరా. ఇంటికివోయి కొట్లాడకు, అడుగు."

ఇది తర్వాతి సంగతి. ముందుకు వెళ్ళిపోయాను. మళ్ళీ కేసముద్రం స్టేషన్‌కు రండి.

ఆ వాన ఏ రోజు పడిందో సారు అంతకుముందు ఆదివారమే ఖాయం చేసుకున్నారు. మార్కెట్లో ఒక గుమస్తా పెళ్ళి పందిరి ఆ వానకే కూలిందట. ఆయన తన లగ్నపత్రిక తీసి చూపించాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని సారు సంచిలోంచి నా ఫారం తీశారు. మోకాలి మీద అట్ట పెట్టుకుని, కలం మూత తీసి, నిదానంగా రాశారు. ఆయన దస్తూరి ఎప్పుడూ గుండ్రం. ఆ రోజు ఇంకా గుండ్రంగా రాశారు.

"చదువు."

చదివాను. మార్చిలో ఒక తారీఖు. ఏ తారీఖో ఇక్కడ రాయను, మీరు ఫోన్లు చేస్తారు.

"గా దినం ఎవలు సచ్చిండ్రురా?"

"ఎవలు సావలే సార్."

"మరి ఏమైంది?"

"నేను పుట్టిన."

అంతలో వరంగల్ వెళ్ళే బండి వచ్చింది. మూటలతో, పిల్లలతో జనం ఉరుకుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. "సార్, బండి."

"ఆగు. సిరా పచ్చిగున్నది. మడిస్తే అలుకుతది."

గార్డు ఈల వేశాడు. సారు కదల్లేదు. ఫారాన్ని రెండు అరచేతుల మీదా పరిచి, గాలికి ఎగరకుండా బొటనవేళ్ళతో అంచులు నొక్కిపెట్టి, నా తారీఖు మీద మెల్లగా ఊదుతూ కూర్చున్నారు. పెట్టెలు ఒక్కొక్కటే మా ముందు నుంచి జరిగిపోయాయి. చివరి పెట్టె కూడా దాటిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక కూడా ఆయన ఊదుతూనే ఉన్నారు.