గంధం కనిపించని ట్యాంకు

మా ముత్తాత వెల్లిచందై చుట్టుపక్కల ఊళ్ళకు పెద్ద. ఆయన గుర్రం ఎదురైతే జనం చెప్పులు విడిచి చేత పట్టుకునేవారు. మా తాతకు గుర్రం లేదు; అయినా పట్టుకునేవారు. మా నాన్న తన చెప్పులు తనే చేత పట్టుకుని, బురదలో నడిచి పాలకోడు బస్సెక్కేవాడు. నిటారుగానే ఎక్కేవాడు.

ఎనభైల నాటికి ధర్మపురిలో మాకు మిగిలిన మర్యాద ఒక్కటే. ఆయుధపూజ నాడు ముత్తాత కత్తికి మొదటి హారతి. ఆ హారతి వెండి పళ్ళెం మా గడప దాటాకే వీధిలోని బంధువులు తమ ట్రాక్టర్లకు పూజ చేసేవారు. ఆ కత్తిని నాన్న ఒక వేసవిలో బెంగుళూరు వ్యాపారికి అమ్మేశాడు. నాన్న దాయాది, నాకు చిన్నాయన వరస, అప్పుడే కొత్త ట్రాక్టరు కొన్నాడు.

"ఆయుధమే లేని ఇంట్లో ఏం పూజరా? ఈ తూరి మా ట్రాక్టరుకే మొదటి హారతి," అన్నాడు.

"ఆయుధముంది. వచ్చి చూడు చిన్నాయనా," అన్నాను.

ఉన్నది నా ప్లాస్టిక్ ట్యాంకు. ముక్కలు అతికించి చేసిన జానెడు బొమ్మ. దానికింకా రంగు వేయలేదు. ఎడారిలో పోరాడిన ట్యాంకు కనుక ఇసుక రంగే వేయాలని ముక్కలు వచ్చిన పెట్టెలోని కాగితం చెప్పింది. అసలు రంగులు మా ఊళ్ళో దొరకవు. కిటికీలకు వేసే ఎనామెల్, తెలుపూ పసుపూ తెచ్చి కలిపాను. మొదటిసారి మైసూరుపాకులా వచ్చింది. నల్లచుక్క వేశాక ఎలా వచ్చిందో రాయడం మా వంశానికి తగదు.

మెరుపు ఇంకో బెడద. యుద్ధానికి పోయే బండి పెళ్ళి బస్సులా మెరవకూడదు. అవ్వ దగ్గరున్న తిరుమణి, అదే నామం పెట్టుకునే తెల్లమట్టి, పొడి చేసి రంగులో కలిపాను. మెరుపు చచ్చింది.

"దేవుని నామం మట్టిరా అది!" అని అవ్వ అరిచింది.

"మనోళ్ళు యుద్ధానికి పోయేటప్పుడు నుదుట పెట్టుకోలేదా అవ్వా? ఇది ఒళ్ళంతా పెట్టుకుంటుంది."

అప్పుడే సానరాయి మీద ఆరిన గంధం కంటబడింది. అచ్చం ఎడారి ఇసుక! దాన్ని పక్కన పెట్టుకుని, చుక్కచుక్కగా ఆ రంగు తెచ్చాను. టర్పెంటైన్‌తో పలచన చేసి, ఒక పూత ఆరాక మరొకటి వేశాను.

పండుగ నాడు ట్యాంకును పీట మీద పెట్టాం. అవ్వ గంధం, కుంకుమ పెట్టింది. వీధి వీధంతా వచ్చింది. చిన్నాయన చెప్పులతోనే గడప దగ్గర నిలబడి వంగి చూశాడు.

"ఒట్టి కుంకుమే పెట్టినారు. గంధమేది?"

"పెట్టినాను కదరా!" అంది అవ్వ.

"యాడ? నాకు కనపడలే. గంధం పెట్టని ఆయుధానికి హారతా?"

నిజంగానే కనపడలేదు. నా పనితనం అలాంటిది. చిన్నాయన ట్రాక్టరు వైపు తిరిగాడు. ఆయన వెంట జనమూ కదిలారు.

తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చి, అందరి ముందే ట్యాంకు మీద నాలుగు మచ్చలు వేశాను. ఎడారిలో పచ్చ మచ్చలు! కాగితం రాసినవాడు చూస్తే ఏడ్చేవాడు. అవ్వ తడి మీదే గంధం పెట్టింది. ఎక్కడో ఉన్న సోగత్తూరు ఊరి నుంచి చూసినా కనపడేట్టు పెట్టింది.

"ఇప్పుడు కనపడిందా చిన్నాయనా?"

"కనపడింది లేరా. బండికి గజ్జి పట్టినట్టుంది," అన్నాడు. కానీ చెప్పులు విడిచాడు.

తడి రంగుకు మంట తగలకుండా మూరెడు దూరంలో హారతి తిప్పి, పళ్ళెం మా గడప దాటించాం. ఆ గంధం రంగులో అతుక్కుపోయి ఇప్పటికీ ఉంది. వెండి పళ్ళెం మరుసటి ఏడు అమ్మేశాం. కొన్నది చిన్నాయనే.